మొరార్జీ దేశాయ్‌కి ఎన్ని పుట్టినరోజులు?

1977 నుంచి 1979 వరకు దేశ ప్రధానిగా పనిచేసిన మొరార్జీ దేశాయ్ 1896 ఫిబ్రవరి 29న పుట్టారు. 1995 ఏప్రిల్ 10న, వందో ఏట కన్నుమూశారు. లీపు సంవత్సరంలో మాత్రమే వచ్చే తేదీన పుట్టి అంతకాలం బతికిన మనిషికి, ఆ తేదీ మళ్లీ ఎన్నిసార్లు ఎదురై ఉంటుంది?

నోటిలెక్కగా చాలామంది చెప్పే జవాబు 24. ఆయన చూసిన చివరి లీపు సంవత్సరం 1992. 1896 నుంచి అప్పటికి 96 ఏళ్లు. నాలుగుతో భాగిస్తే 24 వస్తుంది. లెక్క సాఫీగానే ఉంది కానీ జవాబు తప్పు. సరైన జవాబు 23. నాలుగేళ్ల పిల్లాడిగా ఆయనకు ఫిబ్రవరి 29 రానేలేదు, ఎనిమిదేళ్లు నిండాక 1904లో గానీ తొలిసారి రాలేదు. కారణం, 1900 లీపు సంవత్సరం కాదు.

కోడింగ్ నేర్చుకునేవాళ్ల ముందుకు తొలి వారాల్లోనే వచ్చే అభ్యాసం ఇది. ‘ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది వరకు లీపు సంవత్సరాలు ఎన్ని?’ ఇంజినీరింగ్ మొదటి ఏడాది సీ ల్యాబ్ రికార్డుల్లో, డిగ్రీ కంప్యూటర్స్ తరగతుల్లో, పైథాన్ నేర్పే కోచింగ్ సెంటర్లలో ఈ లెక్క ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. పట్టుమని పది లైన్లు లేని ప్రోగ్రామ్. అందుకే దాన్ని బట్టీపట్టి ల్యాబ్ పరీక్షలో దించేసి బయటపడే విద్యార్థులూ ఉంటారు. మార్కులు వస్తాయి. అయితే కండిషన్ (షరతు) అంటే ఏమిటో, లూప్ ఎక్కడ దెబ్బతింటుందో, రాసిన ప్రోగ్రామ్ సరైనదని ఎలా నమ్మాలో ఇంత తక్కువ లైన్లలో నేర్పే లెక్క మళ్లీ దొరకడం కష్టం. బట్టీపట్టిన విద్యార్థి పోగొట్టుకునేది ఆ అవకాశాన్నే.

నియమం ఎక్కడి నుంచి వచ్చింది?

కీబోర్డు ముందు కూర్చునే ముందు నియమం పూర్తిగా తెలియాలి. భూమి సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి, రుతువులు మళ్లీ మొదటికి రావడానికి సుమారు 365.2422 రోజులు పడుతుంది. అంటే 365 రోజుల మీద 5 గంటల 48 నిమిషాల 45 సెకన్లు. క్రీస్తుపూర్వం 45లో జూలియస్ సీజర్ అమల్లోకి తెచ్చిన రోమన్ క్యాలెండర్ ఆ అదనపు సమయాన్ని సరిగ్గా ఆరు గంటలుగా లెక్కగట్టింది. ఆరు గంటల చొప్పున నాలుగేళ్లకు ఒక రోజు. కాబట్టి నాలుగేళ్లకోసారి ఒక రోజు కలిపితే సరిపోతుంది.

కానీ ఏడాదికి పదకొండు నిమిషాలు ఎక్కువ కలుపుతున్నారు. ఒక మనిషి జీవితకాలంలో అది లెక్కలోకి రాదు. 128 ఏళ్లకు మాత్రం ఒక రోజు అవుతుంది. పదహారో శతాబ్దానికి, మార్చి 21 దగ్గర ఉండాల్సిన విషువత్తు మార్చి 11కు జరిగింది. విషువత్తు అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజు. ఈస్టర్ పండుగ తేదీ దాని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి చర్చి దీన్ని సరిచేయక తప్పలేదు. 1582లో పోప్ పదమూడో గ్రెగరీ కొత్త క్యాలెండర్‌ను ప్రకటించారు. దాన్ని వెంటనే అమలు చేసిన ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ వంటి చోట్ల అక్టోబర్ 4 తర్వాతి రోజు అక్టోబర్ 15 అయింది. బ్రిటన్, దాని పాలనలోని ప్రాంతాలు 1752లో మారాయి. అప్పుడు సెప్టెంబర్ 2 తర్వాత సెప్టెంబర్ 14 వచ్చింది.

పేరుకుపోయిన రోజులను తీసేయడంతో పని అయిపోలేదు. తప్పు మళ్లీ పేరుకోకుండా నియమాన్నీ మార్చారు. నాలుగుతో భాగిస్తే శేషం రాని ఏడాది లీపు సంవత్సరమే. కానీ వందతో భాగించినా శేషం రాకపోతే కాదు. అలాంటి ఏడాదిలోనూ, 400తో భాగించినప్పుడు కూడా శేషం రాకపోతే మళ్లీ లీపు సంవత్సరమే. ఈ లెక్కన 1900 కాదు, 2000 అవును, 2100 కాదు. నాలుగు వందల ఏళ్లలో వంద లీపు సంవత్సరాలకు బదులు 97 వస్తాయి. సగటు ఏడాది 365.2425 రోజులవుతుంది. అసలు విలువతో తేడా ఏడాదికి అర నిమిషం లోపే.

ఏ ప్రశ్న ముందు?

నియమం తెలిసింది కదా అని చెప్పిన వరసలోనే రాస్తే మొదటి పొరపాటు జరుగుతుంది. కంప్యూటర్ షరతులను పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. ‘ఇలా అయితే ఇది చెయ్, లేదంటే అది చూడు’ అని రాసినప్పుడు, ఏ షరతు దగ్గర అవునని తేలుతుందో అక్కడే ఆగిపోతుంది. మిగతావాటిని పట్టించుకోదు. నాలుగుతో భాగించడాన్ని మొట్టమొదట పెడితే, 1900 మొదటి షరతు దగ్గరే ‘లీపు’ అనిపించుకుని బయటికొస్తుంది. కింద వంద గురించి ఎంత శ్రద్ధగా రాసినా అక్కడిదాకా అది చేరదు.

అందుకే అరుదైన సందర్భాన్ని ముందు అడగాలి. తెలుగులో రాస్తే ప్రోగ్రామ్ ఇలా ఉంటుంది:

    ఏడాదిని 400తో భాగిస్తే శేషం 0 అయితే: లీపు
    లేదంటే, 100తో భాగిస్తే శేషం 0 అయితే: లీపు కాదు
    లేదంటే, 4తో భాగిస్తే శేషం 0 అయితే: లీపు
    ఇవేవీ కాకపోతే: లీపు కాదు

ఏ ఏడాదిని ఇచ్చినా ఈ నాలుగు దారుల్లో ఒకటే పడుతుంది. ఈ వరస ఒక్కటే సరైనదని కాదు. ‘4తో శేషం 0, అలాగే 100తో శేషం 0 కాదు, లేదా 400తో శేషం 0’ అని ఒకే షరతుగా కూడా రాయవచ్చు. ఒక షరతులో ఇంకో షరతు ఇరికించి కూడా రాయవచ్చు. పుస్తకాల్లో మూడు రకాలూ కనిపిస్తాయి. మొదటిసారి నేర్చుకునేవాళ్లకు విడివిడిగా రాసిన నాలుగు లైన్లే మేలు. తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చు.

సీ భాషలో ఇక్కడే ఇంకో గుంట ఉంది. ఆ భాషలో ఒక సమాన గుర్తుకు అర్థం ‘ఈ విలువ పెట్టు’ అని. ‘సమానమేనా?’ అని అడగాలంటే రెండు గుర్తులు కావాలి. శేషాన్ని ఒక వేరియబుల్‌లో దాచి, షరతులో పొరపాటున ఒకే గుర్తు పెడితే, కంప్యూటర్ ప్రశ్న అడగకుండా ఆ వేరియబుల్‌లో సున్నా పెట్టేస్తుంది. సున్నా అంటే సీ దృష్టిలో ‘కాదు’ అనే. దాంతో ఏ ఏడాదీ ఆ షరతు దాటదు. చాలా కంపైలర్లు హెచ్చరిక చూపిస్తాయి గానీ ప్రోగ్రామ్ నడుస్తుంది. హెచ్చరికలను చదవకుండా వదిలేసే అలవాటున్న విద్యార్థి చాలాసేపు తల పట్టుకోవాల్సి వస్తుంది.

తొంభై తొమ్మిది చుట్లు

ఒక ఏడాదిని పరీక్షించడానికి కండిషన్ చాలు. మొరార్జీ లెక్క తేలాలంటే అదే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్ కావాలి.

    లెక్క = 0
    ఏడాది = 1897
    ఏడాది 1995కు మించనంత వరకు:
        ఏడాది లీపు అయితే: లెక్కకు 1 కలుపు
        ఏడాదికి 1 కలుపు
    లెక్కను చూపించు

మొదలు 1896 కాదు, 1897. పుట్టిన రోజును పుట్టినరోజుల్లో కలపకూడదు కదా. ఆ ఒక్క అంకె మారితే జవాబు 24 అయిపోతుంది. పైథాన్‌లో ఇదే పనికి రేంజ్ వాడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి ఉంది. 1897, 1995 అని ఇస్తే అది 1994 దగ్గరే ఆగుతుంది, చివరి అంకె లెక్కలోకి రాదు. 1995 లీపు సంవత్సరం కాదు కాబట్టి ఇక్కడ ఆ తప్పు బయటపడదు. అదే ప్రోగ్రామ్‌ను 2024 వరకు లెక్కపెట్టమంటే ఒకటి తక్కువ చెబుతుంది.

ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌కు ఇచ్చే ముందు కాగితం మీద నడిపి చూడటాన్ని డ్రై రన్ అంటారు. ‘ఏడాది’, ‘లెక్క’ అని రెండు గడులు గీసి, ఒక్కో చుట్టుకు విలువలు ఎలా మారుతున్నాయో రాసుకుంటూ పోవాలి. 1897, 1898, 1899 ఏ షరతుకూ తలొగ్గవు, లెక్క 0. ఇక 1900. దాన్ని 400తో భాగిస్తే శేషం 300, కాబట్టి ముందుకు. 100తో భాగిస్తే శేషం 0, కాబట్టి లీపు కాదు. లెక్క ఇంకా 0. 1904 వచ్చేసరికి 400తో శేషం 304, 100తో శేషం 4, నాలుగుతో శేషం 0. లెక్క 1. ఇంతవరకు రాసేసరికి ప్రోగ్రామ్ ఎలా ఆలోచిస్తుందో నేర్చుకునేవాళ్లకు కళ్లకు కడుతుంది. మొత్తం 99 చుట్లూ కాగితం మీద తిప్పక్కర్లేదు, మొదటి పది చాలు.

కాగితం పట్టించే తప్పు ఇంకొకటి ఉంది. ‘ఏడాదికి 1 కలుపు’ అన్న లైన్ పొరపాటున కాస్త కుడికి జరిగి, లీపు షరతు కిందికి వెళ్లిందనుకుందాం. పైథాన్‌లో లైన్ ఎంత లోపలికి ఉందన్నదే అది ఎవరి కింద ఉందో చెబుతుంది. 1897 లీపు కాదు, కాబట్టి ఏడాది పెరగదు. మళ్లీ చుట్టు మొదలవుతుంది, మళ్లీ 1897. ప్రోగ్రామ్ ఆగదు, జవాబు రాదు, స్క్రీన్ మీద ఏ తప్పూ కనిపించదు. ఇన్ఫినిట్ లూప్ అనేది దీన్నే. ల్యాబ్‌లో కంట్రోల్ సీ నొక్కి బయటపడవచ్చు. అమ్మేసిన వస్తువులో ఇదే జరిగితే?

366వ రోజు

మైక్రోసాఫ్ట్ సంస్థ ఐపాడ్‌కు పోటీగా జూన్ అనే మ్యూజిక్ ప్లేయర్ తెచ్చింది. దాని 30 జీబీ మోడల్ 2006 నవంబర్‌లో మార్కెట్లోకి వచ్చింది. రెండేళ్లు బాగానే నడిచింది. 2008 డిసెంబర్ 31న ఆ మోడల్ ప్లేయర్లు ఆన్ చేసినవి చేసినట్టు మొదటి తెర దగ్గరే బిగుసుకుపోయాయి. ఒకచోట కాదు, అన్నిచోట్లా అదే రోజు.

కారణం లోపలి గడియారాన్ని చూసుకునే డ్రైవర్ ప్రోగ్రామ్‌లో దొరికింది. ఆ గడియారానికి తేదీ తెలియదు. 1980 జనవరి 1 నుంచి ఎన్నో రోజో మాత్రమే తెలుసు. ఆ సంఖ్య నుంచి ఏ ఏడాదో తేల్చడానికి ఒక లూప్ రాశారు. దాని సారాంశం ఇది:

    రోజులు 365 కంటే ఎక్కువ ఉన్నంత వరకు:
        ఏడాది లీపు అయితే:
            రోజులు 366 కంటే ఎక్కువైతే:
                రోజుల్లోంచి 366 తీసెయ్, ఏడాదికి 1 కలుపు
        లేదంటే:
            రోజుల్లోంచి 365 తీసెయ్, ఏడాదికి 1 కలుపు

చూడ్డానికి ఎక్కడా లోపం లేదు. 2008 డిసెంబర్ 31న ఆ సంఖ్య 10,593. లూప్ 1980 నుంచి ఒక్కో ఏడాదినీ తీసేస్తూ వస్తుంది. 2007 వరకు ఉన్న 28 ఏళ్లలో ఏడు లీపు సంవత్సరాలు, మొత్తం 10,227 రోజులు. అవి పోగా మిగిలింది 366, ఏడాది 2008. ఇక్కడ ఆగి ఒక్కో లైన్ చదవాలి. 366 అనేది 365 కంటే ఎక్కువ, కాబట్టి లూప్ లోపలికి వెళ్తుంది. 2008 లీపు సంవత్సరం, కాబట్టి మొదటి దారి. 366 కంటే ఎక్కువా? కాదు, సమానం. అందుకని రోజులు తగ్గవు, ఏడాది పెరగదు. ఆ షరతు కింద ‘లేదంటే’ లేదు. లూప్ మళ్లీ మొదటికి వస్తుంది. మళ్లీ 366, మళ్లీ అదే ప్రశ్న.

డిసెంబర్ 30న మిగిలేది 365, లూప్ సరిగ్గా ఆగుతుంది. జనవరి 1న మిగిలేది 367, అందులోంచి 366 పోగా 1 మిగిలి, ఏడాది 2009 అవుతుంది. బిగుసుకుపోయేది లీపు సంవత్సరం చివరి రోజున మాత్రమే. ఆ మోడల్ 2006లో వచ్చింది కాబట్టి, దానికి ఎదురైన మొదటి లీపు సంవత్సరం 2008. బ్యాటరీ పూర్తిగా అయిపోనిచ్చి, మర్నాడు గ్రీన్‌విచ్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం దాటాక ఛార్జ్ చేసి ఆన్ చేయమని మైక్రోసాఫ్ట్ వాడకందార్లకు చెప్పింది. తేదీ మారడంతో అవి మామూలుగా పనిచేశాయి. ప్రోగ్రామ్‌లో కావాల్సిన దిద్దుబాటు చిన్నదే. లీపు ఏడాదిలో రోజులు సరిగ్గా 366 మిగిలితే లూప్ నుంచి బయటికి రా, అన్న ఒక్క ‘లేదంటే’.

ఇలాంటిదే 2012 ఫిబ్రవరి 29న మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ అజూర్‌లో జరిగింది. అక్కడి యంత్రాలు తమ కోసం ఏడాది చెల్లుబాటయ్యే భద్రతా సర్టిఫికెట్ తయారు చేసుకుంటాయి. గడువు తేదీ కోసం రోజునీ నెలనీ అలాగే ఉంచి ఏడాదికి ఒకటి కలిపారు. వచ్చింది 2013 ఫిబ్రవరి 29, అంటే లేని తేదీ. సర్టిఫికెట్ తయారుకాలేదు. భారత కాలమానం ప్రకారం ఉదయం ఐదున్నరకు, గ్రీన్‌విచ్‌లో తేదీ మారగానే మొదలైన ఆ సమస్య పెరిగి పెద్ద అంతరాయానికి దారితీసింది.

1900 దగ్గర పడ్డ తప్పును ఎవరైనా ఇప్పటికీ చూడవచ్చు. ఎక్సెల్ షీట్‌లో ఒక గడిలో 60 అని కొట్టి, ఆ గడిని తేదీగా మార్చితే 1900 ఫిబ్రవరి 29 కనిపిస్తుంది. అలాంటి రోజు చరిత్రలో లేదు. ఎక్సెల్ కంటే ముందు జనం వాడిన లోటస్ 1-2-3 ప్రోగ్రామ్ 1900ను లీపు సంవత్సరంగా లెక్కించింది. లోటస్ షీట్లలోని తేదీలు చెదరకుండా ఉండాలని ఎక్సెల్ అదే లెక్కను తీసుకుంది. ఇప్పుడు సరిచేస్తే కోట్లాది షీట్లలో తేదీలు ఒక రోజు జరిగిపోతాయి కాబట్టి అలాగే ఉంచేశారు.

కష్టమైన ఏడాదులనే అడగాలి

ఈ మూడు సంఘటనల్లోనూ ప్రోగ్రామ్ రాసినవాళ్లకు లీపు సంవత్సరం గురించి తెలుసు. తప్పు బయటపడే తేదీని ముందుగా ఇచ్చి చూడటమో, చూశాక దిద్దడమో జరగలేదు. మొదటి అభ్యాసంలో నేర్చుకోవాల్సిన అసలు సంగతి ఇదే. తన ప్రోగ్రామ్‌కు 2024 ఇచ్చి ‘లీపు’ అని రాగానే సంతోషించే విద్యార్థి ఇంకా సగం పనే చేశాడు. నాలుగుతో భాగించడం ఒక్కటే తెలిసిన ప్రోగ్రామ్ కూడా 1901 నుంచి 2099 వరకు ఏ ఏడాదికైనా సరైన జవాబే చెబుతుంది. ఈ రోజు బడిలో ఉన్న పిల్లల ఏ పుట్టిన సంవత్సరం ఇచ్చినా దాని లోపం కనిపించదు.

ఇంకో విచిత్రం 2000లో ఉంది. నాలుగు నియమం ఒక్కటే తెలిసినవాడు ఆ ఏడాదికి సరైన జవాబు చెబుతాడు. నాలుగుతో పాటు వంద కూడా తెలిసి, నాలుగు వందలు తెలియనివాడు తప్పు చెబుతాడు. పోనీ మొరార్జీ లెక్క ఇతన్ని పట్టిస్తుందా అంటే, అదీ లేదు. 2000 ఆ పరిధిలోనే లేదు కాబట్టి 23 అనే చెప్పి తప్పించుకుంటాడు.

కాబట్టి దారికొక పరీక్ష చొప్పున పెట్టుకోవాలి. 2023, 2024, 1900, 2000. నాలుగు షరతుల్లో ఒక్కోదాన్నీ ఒక్కో ఏడాది తాకుతుంది. ఆ తర్వాత మొత్తం మీద ఇంకో పరీక్ష. 2001 నుంచి 2400 వరకు లూప్ తిప్పితే 97 రావాలి. 100 వస్తే వంద నియమం పనిచేయడం లేదు. 96 వస్తే నాలుగు వందల నియమం పోయింది. జవాబు చూడగానే జబ్బు ఎక్కడో తెలిసిపోతుంది. ఈ ఐదు పరీక్షలను రికార్డు పుస్తకంలో ప్రోగ్రామ్ పక్కనే రాయిస్తే, లెక్చరర్లు ఈ అభ్యాసానికి పూర్తి న్యాయం చేసినట్టవుతుంది.

ఉగాదితో ఇంకో లెక్క

లీపు లెక్క చేతికి వచ్చినవాళ్లు తర్వాత ప్రయత్నించదగ్గది మన పంచాంగంలోనే ఉంది. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై. ప్రభవ 1987 ఉగాదికి మొదలైంది. ఏడాదిలోంచి 1987 తీసేసి, అరవైతో భాగించి, ప్రభవను సున్నాగా పెట్టుకుని శేషాన్ని బట్టి పేరు చూసుకుంటే సరి. 2025కు శేషం 38, ఆ స్థానంలో ఉన్నది విశ్వావసు. 2026కు 39, పరాభవ.

ఇక్కడా పరీక్షలు జాగ్రత్తగా ఎంచుకోవాలి. 1986 ఇస్తే తేడా మైనస్ ఒకటి. దాన్ని అరవైతో భాగిస్తే పైథాన్ శేషాన్ని 59 అంటుంది, జాబితాలో చివరిదైన అక్షయ వస్తుంది. అది సరైన జవాబే. సీ భాష అదే శేషాన్ని మైనస్ 1 అంటుంది, జాబితాలో ఆ స్థానమే లేదు. కాబట్టి శేషం సున్నా కంటే తక్కువైతే అరవై కలపాలన్న షరతు సీలో అదనంగా రాయాలి. రెండో చిక్కు, పేరు మారేది జనవరి 1న కాదు, ఉగాదికి. 2026 జనవరి 10న పుట్టిన పాపాయిది విశ్వావసు నామ సంవత్సరమే, ఏప్రిల్ 10న పుట్టిన పాపాయిది పరాభవ. ఉగాది తేదీ ఏటా మారుతుంది, అది కాస్త జరిగాక అధిక మాసం వచ్చి మళ్లీ వెనక్కి లాగుతుంది. అందుకని మొదటి ప్రయత్నంలో పంచాంగంలో చూసి ఓ పదేళ్ల ఉగాది తేదీలను జాబితాగా ఇచ్చి, పుట్టిన తేదీ దానికంటే ముందుదైతే ఏడాదిలోంచి ఒకటి తీసేయమని రాయడం తేలిక. సరిగ్గా ఉగాది రోజునే పుట్టిన పాపాయికి ఏ పేరు వస్తుందో కూడా మర్చిపోకుండా ఇచ్చి చూడాలి.